ఒకసారి కోసి ఆపరేషన్ చేసిన కిడ్నీకి మళ్లీ పీసీఎన్ఎల్ చేయొచ్చా?

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. చాలా ఏళ్ల క్రితం ఎడమ కిడ్నీలో రాయికి నడుం పక్కన కోసి పెద్దాపరేషన్ చేశారు. ఆ గీత వీపు నుంచి పొట్ట వైపు దాకా ఇప్పటికీ కనిపిస్తుంది. అదే కిడ్నీలో ఇప్పుడు మళ్లీ రాయి. సీటీ రిపోర్టులో 2.6 సెంటీమీటర్లు, పెల్విస్‌లో (కిడ్నీలో మూత్రం చేరే గిన్నె) మొదలై కింది కాలిక్స్‌లోకి (ఆ గిన్నెలోకి తెరుచుకునే చిన్న గది) పోయిందని రాశారు. పై కాలిక్స్‌లో ఇంకో చిన్నది ఉంది, 9 మిల్లీమీటర్లు. రాయి సాంద్రత, అంటే గట్టిదనం, 1150 హెచ్‌యూ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4.

వీపులోంచి చిన్న రంధ్రం చేసి పీసీఎన్ఎల్‌తో తీద్దామని డాక్టరుగారు అన్నారు. ఇంట్లో మాత్రం ఒకటే టెన్షన్. "ఒకసారి కోసిన కిడ్నీ, మళ్లీ పొడిస్తే తట్టుకోదు, రక్తం ఆగదు" అని మా పెదనాన్న పట్టుబట్టి కూర్చున్నారు. మళ్లీ కోసి తీయించడమే నయమని ఒకరు, లేజర్ చేయించమని ఇంకొకరు. నాన్నగారేమో నొప్పి లేదుగా, ఏదీ వద్దంటున్నారు. ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గురుతుగీత:

నాది అచ్చం మీ నాన్నగారి కేసే అండీ, కాకపోతే కుడి వైపు. చిన్న వయసులో కోసి తీశారు. చాలా కాలం తర్వాత అదే కిడ్నీలో మళ్లీ వస్తే పీసీఎన్ఎల్ చేశారు. మొదటిసారి మంచం మీద పక్కకి ఒత్తిగిలాలంటేనే ఏడుపొచ్చేది. రెండోసారి మర్నాడే లేచి వరండాలో తిరిగాను. నడుం పక్కన వేలాడే సంచి ఒక్కటే చిరాకు.

ఒక్క సంగతి. నా ఆపరేషన్ చెప్పినదానికన్నా చాలా ఎక్కువసేపు పట్టింది. బయట కూర్చున్న మావాళ్లకి ప్రాణం పోయినంత పనైంది. రాయి పగలగొట్టడం తొందరగానే అయిపోయిందట, కిడ్నీలోకి దారి వేయడానికే టైమంతా పోయిందని తర్వాత సర్జన్ చెప్పారు. పాత మచ్చ లోపల గట్టిగా ఉందట. ఈ మాట ముందే చెప్పి ఉంటే మావాళ్లు అంత బెంబేలెత్తేవాళ్లు కాదు. మీరు ముందే అడిగి పెట్టుకోండి.

ఆకుపచ్చనినిజం:

ఆపరేషన్ ఎందుకండీ, ఎంత పెద్ద రాయినైనా కరిగించే పొడి ఉంది, నెల వాడితే…

మోడరేటర్:

పై పోస్టులో మిగతా భాగం, ఫోన్ నంబరు తీసేశాం. మందులు అమ్ముకునే చోటు కాదిది. చర్చ కొనసాగించండి.

గైడ్‌వైర్:

యూరాలజీలో శిక్షణలో ఉన్నాను. ఫిల్ములు చూడకుండా మీ నాన్నగారికి ఏది చేయాలో నేను చెప్పలేను. కానీ మీ పెదనాన్నగారి మాటకి సమాధానం చెప్పొచ్చు. పాత ఓపెన్ సర్జరీ పీసీఎన్ఎల్‌కి అడ్డంకి కాదు. అడ్డుపడేవి వేరే ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండి దానికి మందు వాడకపోవడం, రక్తం గడ్డకట్టడంలో ఉన్న లోపాన్ని సరిచేయకపోవడం, ఇలాంటివి.

అసలు ఇలాంటి పేషంట్లు మాకు తరచుగానే వస్తారు. చర్మంలోంచి దారి వేసి కిడ్నీ రాయి తీసిన పద్ధతిని ఫెర్న్‌స్ట్రామ్, యోహాన్సన్ అనే ఇద్దరు 1976లో ప్రచురించారు. బయటి నుంచి షాక్‌వేవ్‌లతో రాయిని పగలగొట్టడం మ్యూనిక్‌లో 1980లో మొదటి పేషంటుకు చేశారు. ఈ రెండూ అన్ని చోట్లకీ చేరడానికి చాలా కాలం పట్టింది. అంతవరకూ పెద్ద రాయి అంటే కోతే. రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు కాబట్టి, అప్పుడు కోయించుకున్నవాళ్లే ఇప్పుడు మళ్లీ వస్తున్నారు.

ఇక మచ్చ ఏం చేస్తుందో చెప్తాను. మామూలు కిడ్నీ చుట్టూ కొవ్వు మెత్తగా ఉంటుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా కిడ్నీ కొంచెం కిందికీ పైకీ జరుగుతుంది. ఓపెన్ సర్జరీ తర్వాత ఆ కొవ్వు చోట గట్టి పీచు కణజాలం పేరుకుని, కిడ్నీని వెనక కండరాలకి అతికించేస్తుంది.

సూది గుచ్చడం మరీ కష్టమేమీ కాదు. ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో చూస్తూ 18 గేజ్ సూదిని అనుకున్న కాలిక్స్‌లోకి దించుతాం, మూత్రం చుక్కగా బయటికి వస్తే చేరినట్టే. దానిలోంచి తీగ పంపుతాం. తలనొప్పి అంతా ఆ తర్వాతే. తీగ మీదుగా ఒకదానికన్నా ఒకటి లావైన గొట్టాలు దించుతూ దారిని వెడల్పు చేయాలి. మామూలు పేషంటులో చేతికి ఒకటి రెండు చోట్ల అడ్డు తగిలి లోపలికి జారిపోతుంది. మచ్చ ఉన్న చోట ఎండిన తోలులో దబ్బనం దించినట్టుంటుంది. నొక్కితే గొట్టం ముందుకి పోదు, తీగ మధ్యలో మడత పడుతుంది. మడత పడ్డ తీగ మీద ఇంకా నొక్కితే దారి తప్పి పక్కకి పోతాం. అందుకే ఇలాంటి కేసుల్లో గట్టి తీగ వాడతాం, భద్రత కోసం ఇంకో తీగ కూడా లోపల ఉంచుతాం. గొట్టం కదలకపోతే మచ్చని ముందు సన్నగా కోసుకోవడానికి చిన్న బ్లేడు ఉన్న సూదులు ఉంటాయి. బెలూన్‌తో వెడల్పు చేసే పద్ధతి మామూలు కిడ్నీల్లో హాయిగా ఉంటుంది కానీ, మచ్చ ఉన్న చోట బెలూన్ మధ్యలో నొక్కుకుపోయి పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. అప్పుడు మెటల్ డైలేటర్లే, అంటే దారిని వెడల్పు చేసే లోహపు గొట్టాలే గతి. మా సీనియర్లు ఓపెన్ సర్జరీ మచ్చ కనిపిస్తే ముందే మెటల్ సెట్ టేబుల్ మీద పెట్టించుకుంటారు.

దీనికి ఒక మంచి వైపు కూడా ఉంది. అతుక్కుపోయిన కిడ్నీ గొట్టాన్ని చూసి వెనక్కి జరిగిపోదు. కదలని చోట గురి కుదురుతుంది. కానీ లోపలికి వెళ్లాక అదే ఇబ్బంది పెడుతుంది. మామూలుగా టెలిస్కోప్‌ని అటూ ఇటూ వాలిస్తే కిడ్నీ దాంతో పాటు తిరుగుతుంది, ఒకే దారిలోంచి రెండు మూడు కాలిక్స్‌లు చూడొచ్చు. బిగుసుకున్న కిడ్నీలో అలా వాలిస్తే కాలిక్స్ మెడ చిరిగి రక్తం వస్తుంది. కాబట్టి ఏ కాలిక్స్‌లోంచి వెళ్తే ఎక్కువ రాయి సూటిగా ఎదురొస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. మిగిలిన దానికి రెండో దారి వేయాలి, లేదా వంగే స్కోప్ వాడాలి. మీ నాన్నగారికి పై కాలిక్స్‌లో ఉన్న 9 మిల్లీమీటర్ల రాయి గురించి నేనైతే ఈ ప్రశ్నే అడుగుతాను: కింది దారిలోంచి దాన్ని అందుకోలేకపోతే ఏం చేస్తారు?

సందేహాలరావు:

గైడ్‌వైర్ గారూ, బాగా చెప్పారు. కానీ రిజల్ట్ మాటేంటి? పాత ఆపరేషన్ ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే అని చదివాను. మీరేమో ఇన్ని కష్టాలు చెప్తున్నారు. రెండూ నిజమెలా అవుతాయి?

గైడ్‌వైర్:

రెండూ నిజమే. పాత ఓపెన్ సర్జరీ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చి చాలా చోట్ల లెక్కలు తీశారు. ఎక్కువ వాటిలో రాయి పూర్తిగా పోవడం, రక్తం ఎక్కించాల్సి రావడం, పెద్ద కాంప్లికేషన్లు రెండు గుంపుల్లో దగ్గరదగ్గరగానే వచ్చాయి. తేడా కనిపించేది దారి వేయడానికి చేసే ప్రయత్నాల్లో, ఆపరేషన్ టైములో. కొన్నిటిలో రాయి మిగిలిపోవడం కొంచెం ఎక్కువగానే కనిపించింది. కష్టపడి అదే ఫలితం తెస్తున్నారన్న మాట.

సందేహాలరావు:

ఆ కష్టపడేది ఎవరు అన్నదే నా పాయింటు. ఇలాంటి పేపర్లు రాసేది రోజూ పీసీఎన్ఎల్ చేసే పెద్ద సెంటర్లవాళ్లు. అది కూడా పాత రికార్డులు వెనక్కి తిరగేసి రాసినవే ఎక్కువ. మరీ కష్టమని ముందే వదిలేసిన పేషంట్లు ఆ లెక్కల్లో ఉండరు. ఎప్పుడో ఒకటి చేసే చోట అదే ఫలితం వస్తుందని ఎలా నమ్మాలి?

గైడ్‌వైర్:

ఒప్పుకుంటాను. ఈ ఆపరేషన్‌లో చేతి అలవాటు చాలా పెద్ద విషయం. "మీరు ఓపెన్ సర్జరీ అయిన కిడ్నీలకి పీసీఎన్ఎల్ చేస్తుంటారా? దారి పడకపోతే మీ రెండో ప్లాన్ ఏంటి?" అని సర్జన్‌ని అడగడం తప్పేం కాదు. అడిగితే నొచ్చుకునే సర్జన్ కన్నా కాగితం తీసి బొమ్మ వేసి చూపించే సర్జన్ మేలు. రెండో ప్లాన్ అంటే కొన్నిసార్లు ఆ రోజుకి ఒక ట్యూబు పెట్టి ఆపేయడం, కొన్నాళ్లయ్యాక మళ్లీ రావడం కూడా కావచ్చు. దాన్ని ఫెయిల్ అనుకోకండి.

నెగటివ్‌ఫిల్మ్:

సీటీ గదిలో పనిచేస్తాను. ఇలాంటి పేషంట్లకి రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు, సీడీ గానీ ఫిల్ములు గానీ మొత్తం తీసుకెళ్లండి. రిపోర్టులో రాయి సైజు ఉంటుంది. సర్జన్‌కి కావాల్సినవి చాలా వరకు బొమ్మల్లోనే ఉంటాయి.

పెద్దాపరేషన్ అయిన వైపు స్కాన్‌లో చాలాసార్లు 12వ పక్కటెముక చివర కనపడదు. అప్పట్లో దారి కోసం కొంత తీసేసేవాళ్లు. అది తెలియకుండా వేలితో పక్కటెముకలు లెక్కపెట్టుకుంటే 11వదాన్ని 12 అనుకుని, అనుకున్నదానికన్నా పైన, ఊపిరితిత్తుల పొరకి దగ్గరగా పొడిచే ప్రమాదం ఉంది. ఇంకోటి పెద్దపేగు. కొంతమందిలో అది కిడ్నీకి పక్కగా కాకుండా వెనక్కి వచ్చి ఉంటుంది, సరిగ్గా సూది వెళ్లే దారిలో. పాత సర్జరీలో పేగుని పక్కకి జరిపి ఉంటే అది ఎక్కడ స్థిరపడిందో చూసుకోవాల్సిందే. పేగుకి తగలడం చాలా అరుదు, నూటికి ఒకటి కన్నా తక్కువే, కానీ తగిలితే పెద్ద గొడవ. బోర్లా పడుకోబెట్టి చేసే ఆపరేషన్ అయితే కొందరు సర్జన్లు స్కాన్ కూడా బోర్లానే అడుగుతారు, పేగు స్థానం మారుతుంది కాబట్టి.

పాత కోత దగ్గర కండరం వదులై ఉబ్బు ఉంటే అది కూడా చెప్పండి. ఆ ఉబ్బులోకి పేగు జారి ఉండొచ్చు.

పొద్దుతిరుగుడు:

చాలా థాంక్సండీ. నాన్నగారికి దగ్గినప్పుడు ఆ గీత దగ్గర ఉబ్బుతుంది. అది మామూలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. రేపే ఫోన్ చేసి చెప్తాను.

పాత ఆపరేషన్ కాగితాలు వెతికితే ఒక పసుపు కాగితం దొరికింది. "పైలోలిథాటమీ" అని ఉంది. అదేమైనా ఉపయోగమా? లేజర్ గురించి కూడా ఎవరైనా చెప్పండి, మా బాబాయి దాని మీదే ఉన్నారు.

గైడ్‌వైర్:

ఆ పసుపు కాగితం లామినేట్ చేయించండి, అంత ఉపయోగం. పైలోలిథాటమీ అంటే కిడ్నీ బయటి గిన్నెని, అంటే పెల్విస్‌ని తెరిచి రాయి తీశారు, కిడ్నీ కండని కోయలేదు. కిడ్నీనే నిలువుగా తెరిచి తీసే అనాట్రోఫిక్ నెఫ్రోలిథాటమీ అయి ఉంటే లోపలి కాలిక్స్‌ల ఆకారమే మారిపోతుంది, మెడలు సన్నబడతాయి, కండ కూడా కొంత పలచబడుతుంది. మీది ఆ రెండింటిలో తేలికైనది. కాకపోతే పెల్విస్ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట ఇరుకు ఏర్పడిందేమో చూడాలి. ఇరుకుంటే రాయి తీసినా మూత్రం నిలిచి మళ్లీ రాయి వస్తుంది.

మీ బాబాయిగారు అనే లేజర్ అంటే ఆర్ఐఆర్ఎస్ అనుకుంటున్నాను. మూత్రం వచ్చే దారిలోంచే వంగే స్కోప్ పంపి లేజర్‌తో పొడి చేయడం. పొడవక్కర్లేదు, మచ్చతో పని లేదు, కాబట్టి పాత సర్జరీ ఉన్నవాళ్లకి నిజంగానే ఆకర్షణీయం. రక్తం పలచబడే మందులు ఆపలేని గుండె పేషంట్లకి దాన్నే ఎంచుకోవడం మామూలు. కానీ 2 సెంటీమీటర్లు దాటిన రాయికి మొదటి మాట ఇప్పటికీ పీసీఎన్ఎల్. 2.6 సెంటీమీటర్ల గట్టి రాయిని సన్నటి స్కోప్‌తో పొడి చేస్తూ కూర్చుంటే ఒక్క సిట్టింగ్‌లో అవ్వకపోవచ్చు. టైము పెరిగేకొద్దీ లోపల నీటి ఒత్తిడి, దాంతో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయే భయం. కింది కాలిక్స్‌లో రాయి అయితే స్కోప్ బాగా వంగాలి, పొడి కిందనే ఉండిపోతుంది. బయటి నుంచి షాక్‌వేవ్ మాట ఎవరైనా అంటే, ఆ సైజుకీ 1150 హెచ్‌యూకీ అది సరిపడదు. ముక్కలు మూత్రనాళంలో బారులు తీరి అడ్డుపడితే కొత్త కష్టం.

మధ్యేమార్గంగా మినీ పీసీఎన్ఎల్ ఉంది. మామూలుగా దారి 24 నుంచి 30 ఫ్రెంచ్ ఉంటుంది, 30 ఫ్రెంచ్ అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం. మినీలో 20 లోపు. దారి సన్నదైతే మచ్చని అంతగా చీల్చక్కర్లేదు, రక్తం పోవడం కూడా తగ్గుతుంది. రాయి తీయడానికి టైము మాత్రం ఎక్కువ.

తొమ్మిదోనంబర్:

నాకు ముందు జరిగింది కూడా పీసీఎన్ఎల్‌నే, ఓపెన్ కాదు. మళ్లీ అదే చేయాలంటున్నారు. ఇవన్నీ నాకూ వర్తిస్తాయా?

గైడ్‌వైర్:

అంతగా కాదు. రంధ్రం దారిలో సన్నటి మచ్చ మాత్రమే మిగులుతుంది, కిడ్నీ చుట్టూ అతుక్కుపోవడం తక్కువ. కావాలంటే పక్కన వేరే దారి వేస్తారు.

నొప్పిలేనిరాయి:

నాదో సూటి ప్రశ్న. వాళ్ల నాన్నగారికి నొప్పి లేదు కదా, అలాగే వదిలేస్తే ఏం? 63 ఏళ్లు అంటున్నారు. నాకూ ఒకటుంది, దాని పని అది చూసుకుంటోంది, నా పని నేను చూసుకుంటున్నాను.

గురుతుగీత:

మీ రాయి ఎంత? 5 మిల్లీమీటర్లా?

నొప్పిలేనిరాయి:

6.

గురుతుగీత:

అదీ సంగతి.

నిశ్శబ్దయంత్రం:

నెఫ్రాలజీ డయాలిసిస్ యూనిట్‌లో చేస్తాను. నొప్పి లేకపోవడాన్ని నమ్ముకోకండి. రాయి కదిలి దారికి అడ్డుపడితేనే ఆ భయంకరమైన నొప్పి. కాలిక్స్‌లలోకి కొమ్మలు వేసి కూర్చున్న పెద్ద రాయి కదలదు, అందుకే నొప్పి పెట్టదు. మెల్లగా కిడ్నీని తినేస్తుంది, ఇన్ఫెక్షన్‌కి ఇల్లవుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో "నొప్పి ఎప్పుడూ లేదు" అనేవాళ్లు ఉంటారు. 6 మిల్లీమీటర్ల రాయిని చూస్తూ ఉండటం వేరు, క్రియాటినిన్ 1.4 ఉన్న మనిషిలో 2.6 సెంటీమీటర్ల రాయిని వదిలేయడం వేరు.

పొద్దుతిరుగుడు గారూ, ఆ ఎడమ కిడ్నీ ఎంత పని చేస్తోందో డీఎంఎస్ఏ స్కాన్ చేశారా? మొత్తం పనిలో ఆ కిడ్నీ వాటా పదిశాతం కూడా లేకపోతే రాయి తీయడం కన్నా కిడ్నీనే తీసేయడం గురించి ఆలోచిస్తారు. బాగా చేస్తుంటే దాన్ని కాపాడుకోవాల్సిందే. మీ ఇంట్లో వాదన మొత్తం ఆ నంబరుతో సగం తేలిపోతుంది.

పొద్దుతిరుగుడు:

చేయించాం. ఎడమ 41, కుడి 59 వచ్చింది.

నిశ్శబ్దయంత్రం:

అయితే ఆ కిడ్నీ ఇంకా గట్టిదే. పెదనాన్నగారికి ఈ నంబరు చెప్పండి.

పొద్దుతిరుగుడు:

అప్‌డేట్. సర్జన్‌ని మళ్లీ కలిశాం. ఉబ్బు సంగతి చెప్తే ఆయన స్కాన్ మళ్లీ తెరిచి అక్కడ పేగు లేదని, కండరం మాత్రమే వదులైందని చూపించారు. బొమ్మ వేసి చెప్పారు. కింది కాలిక్స్‌లోంచి మొదటి దారి, పై చిన్న రాయి అందకపోతే వంగే స్కోప్, అదీ కుదరకపోతే దాన్ని వదిలేసి తర్వాత ఆర్ఐఆర్ఎస్. బలవంతంగా లాగనన్నారు. పెదనాన్న కూడా వచ్చి విన్నారు. బయటికొచ్చాక "బొమ్మ బాగానే వేశాడు" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద ఒప్పుకోలు రాదు.

అయితే యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. జ్వరం లేదు, మంట లేదు. అయినా యాంటీబయాటిక్ కోర్సు అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా. దీనికి ఇంట్లో మళ్లీ గొణుగుడు.

నిద్రపుచ్చేవాడు:

అనస్థీషియా వైపు నుంచి చెప్తున్నా, ఆ వాయిదాని చూసి సంతోషపడండి. లోపల ఒత్తిడితో నీళ్లు పోస్తూ రాయిని పగలగొడతారు. రాయిలో, మూత్రంలో ఉన్న బ్యాక్టీరియా అప్పుడు రక్తంలోకి పోతుంది. టేబుల్ మీద బాగానే ఉన్న పేషంటు రికవరీలో వణుకు మొదలై, బీపీ పడిపోతే మాకు చెమటలు పడతాయి. పీసీఎన్ఎల్‌లో నేను రక్తస్రావం కన్నా ఎక్కువ భయపడేది దీనికే. కల్చర్ క్లీన్‌గా ఉన్నా రాయి లోపల బ్యాక్టీరియా ఉండొచ్చు, అందుకే కొందరు సర్జన్లు రాయి ముక్కని కూడా కల్చర్‌కి పంపుతారు.

నాన్నగారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి. మీరే ఆపేయకండి, గుండె డాక్టరుని అడక్కుండా అస్సలు ఆపొద్దు.

పొద్దుతిరుగుడు:

ఆస్పిరిన్ లేదండీ, బీపీ మాత్ర ఒక్కటే.

పొద్దుతిరుగుడు:

ఆపరేషన్ అయింది! దారి వేయడం కష్టమైందట, బెలూన్ విచ్చుకోక మెటల్‌వి వాడారట. మీరు ముందే చెప్పి ఉండటంతో అది విన్నప్పుడు నేను కంగారు పడలేదు. పెద్ద రాయి మొత్తం వచ్చేసింది. పైనున్న 9 మిల్లీమీటర్లది వంగే స్కోప్‌తో చాలా వరకు తీశారు, చిన్న ముక్క మిగిలిందేమో సీటీలో చూద్దామన్నారు. రక్తం ఎక్కించలేదు. నడుం పక్కన ట్యూబు ఉంది, లోపల మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం ఉంది. సంచిలో మూత్రం ఎర్రగా ఉంది. భయమేస్తోంది, ఇది మామూలేనా?

తెల్లకోటుఅక్క:

యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని, తల్లీ. మొదట్లో ఎరుపు మామూలే. సంచి ట్యూబులోంచి అవతల ఉన్న అక్షరాలు కనపడేంత పలచని ఎరుపైతే కంగారు లేదు, రోజురోజుకీ గులాబీ రంగుకి, తర్వాత పసుపుకి రావాలి. చిక్కగా, గడ్డలు గడ్డలుగా వస్తే, లేదా ఉన్నట్టుండి సంచిలోకి ఏమీ రాకుండా నడుంలో నొప్పి మొదలైతే వెంటనే సిస్టర్‌ని పిలవండి. ట్యూబు నాన్నగారి ఒంటికింద నలిగిందేమో కూడా చూడండి, రాత్రిళ్లు సగం కాల్స్ దానికే.

ట్యూబు తీశాక ఆ రంధ్రంలోంచి మూత్రం కారి డ్రెస్సింగ్ తడిసిపోతుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఆగకపోతే చెప్పాలి, పాత ఆపరేషన్‌లో కింద ఇరుకు ఏమైనా ఉంటే ఇలా కారుతూ ఉంటుంది.

ఇంటికెళ్లాక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మూత్రం మామూలు రంగుకి వచ్చేశాక, వారం రెండు వారాలకి ఒక్కసారిగా మళ్లీ ఎర్రటి రక్తం వస్తే ఇంట్లో కూర్చోవద్దు. లోపల రక్తనాళానికి చిన్న బుడగ కట్టి అది చితికి ఉండొచ్చు. అరుదే, కానీ సన్నటి గొట్టంతో లోపలి నుంచే ఆ నాళాన్ని మూసేయగలరు, ఆలస్యం చేయకపోతే. చలితో జ్వరం వచ్చినా అంతే, ఎమర్జెన్సీకి రండి.

స్టెంట్ ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది, పోస్తుంటే నడుంలోకి లాగుతుంది. భరించాలి. స్టెంట్ తీయించడం మాత్రం మర్చిపోవద్దు. మర్చిపోయిన స్టెంట్ మీద రాయి పేరుకుని అదే ఇంకో ఆపరేషన్ అవుతుంది. అలాంటివి చూశాను. డిశ్చార్జి కాగితం మీద తేదీ రాయించుకుని ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టుకోండి.

పొద్దుతిరుగుడు:

ఇప్పుడు పలచగా ఉంది అక్కా, అవతల అక్షరాలు కనిపిస్తున్నాయి. థాంక్యూ.

సందేహాలరావు:

నాన్నగారు క్షేమం, సంతోషం. ఆ మిగిలిన ముక్క సంగతి మాత్రం వదలకండి. "చిన్నదేలే" అని వదిలేసినవే కొన్నేళ్లకి పెద్దవవుతాయి.

పొద్దుతిరుగుడు:

చివరి అప్‌డేట్. స్టెంట్ తీసేశారు. సీటీలో పై కాలిక్స్‌లో 3 మిల్లీమీటర్ల ముక్క ఉంది. క్రియాటినిన్ 1.3. రాయి పరీక్ష రిపోర్టు వచ్చింది, కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ అని ఉంది. నాన్నగారు పాలు, పెరుగు మానేస్తానంటున్నారు, కాల్షియం రాయి కదా అని. ఆ ముక్కకి మళ్లీ ఏమైనా చేయాలా?

గైడ్‌వైర్:

4 మిల్లీమీటర్ల లోపు, నొప్పి లేకుండా, దారికి అడ్డం లేకుండా ఉంటే సాధారణంగా చూస్తూ ఉంటారు. ఇన్ఫెక్షన్ వల్ల పుట్టే రాయి అయితే ఆ ముక్కని కూడా వదలొద్దని చెప్పేవాణ్ణి, ఎందుకంటే అందులోని బ్యాక్టీరియానే రాయిని మళ్లీ పెంచుతుంది. మీది ఆ రకం కాదు. కొన్ని నెలలకి ఒకసారి స్కాన్, పెరుగుతుంటే ఆర్ఐఆర్ఎస్.

పాలు, పెరుగు మానొద్దు. భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. అది మానేస్తే ఆక్సలేట్ ఎక్కువగా రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి చేరుతుంది. తగ్గించాల్సింది ఉప్పు, మాంసం. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమని మామూలుగా చెప్తాం, కానీ ఆయనకి బీపీ, క్రియాటినిన్ ఉన్నాయి కాబట్టి ఎంత తాగాలో డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

రెండుసార్లు రాయి వచ్చిన మనిషి కాబట్టి రక్తంలో కాల్షియం, యూరిక్ యాసిడ్, పారాథైరాయిడ్ హార్మోన్ చూపించండి, 24 గంటల మూత్ర పరీక్ష కూడా. మొదటి ఆపరేషన్ అప్పుడు ఇవి చేసి ఉండరు. ఆపరేషన్ నోట్స్ కాపీ ఒకటి తీసుకుని ఆ పసుపు కాగితం పక్కనే పెట్టండి. ఏ కాలిక్స్‌లోంచి వెళ్లారో, ఏ డైలేటర్ పని చేసిందో అందులో ఉంటుంది.